రథం పాతబడితే

మాఘం దగ్గరపడిందంటే రథోత్సవం ఉన్న ఊళ్లలో ఒక చర్చ లేస్తుంది. రథశాల తలుపులు తీస్తారు. గబ్బిలాలు లేచిపోతాయి. వడ్రంగి వంగి ఇరుసు కింద తల పెడతాడు. బయటికొచ్చి ఏమంటాడోనని కమిటీ పెద్దలంతా నిలబడి చూస్తుంటారు. "ఈ ఏటికి లాగుతుందండీ" అన్నాడా, అందరికీ ప్రాణం లేచొస్తుంది. లాగదంటేనే గొడవ. బాగుచేయించాలా, కొత్తది చేయించాలా? తాతలనాటి రథాన్ని ఎలా వదిలేస్తామని ఒక వర్గం, దాతలు సిద్ధంగా ఉంటే పాతదాన్ని పట్టుకుని వేలాడ్డమేమిటని ఇంకో వర్గం. ఎక్కి ఊరేగే స్వామికి ఏది సమ్మతమో మాత్రం ఎవరూ అడగరు.

మన పెద్దలకు ఈ చర్చ కొత్తది కాదు. అగ్నిపురాణంలో జీర్ణోద్ధారణకు విడిగా విధానమే ఉంది. శిథిలమైన మూర్తి కొయ్యదైతే అగ్నికి అప్పగించాలి, రాతిదైతే నీళ్లలో విడవాలి. విడవడమంటే మూల పారేయడం కాదు. వస్త్రం కప్పి, వాహనమెక్కించి, వాద్యాలతో తీసుకెళ్లి సాగనంపాలి. ఆ స్థానంలో నిలిపే కొత్త మూర్తి పాతదాని కొలతతోనే, అదే ద్రవ్యంతోనే ఉండాలి. ఎవరి ముచ్చట కొద్దీ వాళ్లు పెంచుకోవడానికి లేదు. శిథిలమైన బావులూ చెరువులూ బాగుచేయిస్తే గొప్ప ఫలం దక్కుతుందనీ ఆ పురాణమే చెబుతుంది. పాతదాన్ని నిలబెట్టడమూ ధర్మమే, సమయమొస్తే సాగనంపడమూ ధర్మమే.

ఆ సమయం వచ్చిందని తెలిసేదెలా? ఆగమ సంప్రదాయం దీనికి దారి చూపింది. మూర్తి చేతిలోని ఆయుధమో, ఆభరణం అంచో, వేలి కొసో విరిగితే సరిచేసి ఆరాధన కొనసాగించవచ్చు. శిరస్సు లాంటి ప్రధానాంగం పోతే కొత్తమూర్తిని ప్రతిష్ఠించుకోవాలి. స్వయంభువుల సంగతి వేరు, వాటి జోలికి ఇక్కడ వెళ్లడం లేదు. ఇదే చూపుతో రథాన్ని చూడండి. పై అంతస్తుల చెక్కడాలు, గుర్రాల బొమ్మలు, పందిరి, రంగులు చిన్న అంగాలు. ఇరుసు, చక్రాలు, కింది దూలాలు, చక్రం జారిపోకుండా పట్టి ఉంచే కడచీలలు ప్రాణస్థానాలు. మన ఖర్చంతా మొదటివాటి మీదే అవుతుంది. రంగులు ఏటేటా వేస్తాం. ఇరుసు విప్పి చూసి ఎన్నేళ్లయిందంటే చెప్పేవాడుండడు. రంగు కింద చెద ఎంతదూరం పాకిందో ఉలి మొనతో గుచ్చితే తప్ప తెలియదు, గుచ్చితే రంగు పాడవుతుందని గుచ్చనివ్వం.

ఈ తర్జనభర్జనకు అసలు తావే ఇవ్వని క్షేత్రం పూరీ. జగన్నాథుడి నందిఘోషకు 16 చక్రాలు, బలభద్రుడి తాళధ్వజానికి 14, సుభద్ర దర్పదళనానికి 12. మొత్తం 42 చక్రాలూ, మూడు రథాల కర్రా ఏటేటా కొత్తవే. అక్షయ తృతీయనాడు పని మొదలవుతుంది, ఆషాఢ శుద్ధ విదియకు రథాలు పెద్ద వీధిలో నిలుస్తాయి. యాత్ర ముగిశాక విప్పేస్తారు. ఆ కర్రలో చాలా భాగం స్వామి వంటశాల పొయ్యిల్లోకి వెళుతుంది. అట్టే వాడిన కర్ర కాదు, నిక్షేపంలాంటి కలప! లౌకికంగా చూస్తే ఇంత దుబారా ఇంకెక్కడా కనిపించదు.

దుబారా అనే ముందు ఇంకో సంగతి చూడాలి. పూరీలో రథం కట్టడం మహారాణా వడ్రంగుల వంశపారంపర్య సేవ. తండ్రి పక్కన నిలబడి కొడుకు ఏటేటా అదే పని చూస్తాడు, పట్టుకుంటాడు, చేస్తాడు. ఏ దూలం ఎక్కడ కూర్చోవాలో చేతులకే తెలిసిపోతుంది. అరవై ఏళ్లు నిలిచే రథం కట్టుకున్న ఊళ్లో ఈ అవకాశం లేదు. కట్టినవాళ్లు పోతారు, చూసినవాళ్లూ పోతారు, రథం మిగులుతుంది. దానికి రోగమొచ్చిననాడు నాడి పట్టేవాడు కావాలంటే జిల్లాలు వెతకాలి. కాబట్టి పాతదాన్ని కాపాడుకోవాలనుకునే ఊరు ముందు కాపాడుకోవాల్సింది వడ్రంగిని. ఉత్సవానికి నెల ముందు పిలిచి, బేరమాడి పంపేస్తే ఆ విద్య నిలవదు.

పూరీలోనూ అన్నీ ఏటా మారవు. రథాల మీది సారథులను, కొయ్య గుర్రాలను, పార్శ్వదేవతలను దాచి, రంగులద్ది మళ్లీ వాడతారు. నవకళేబరం వచ్చినప్పుడు అవీ కొత్తవి చెక్కుతారు. అధికాషాఢం పడిన ఏడు వచ్చే ఆ ఘట్టంలో మూలమూర్తుల దేహాలే మారతాయి. 1977, 1996, 2015లో అలాగే జరిగింది. పాత దేహాలకు ఆలయ ప్రాంగణంలోని కోయిలి వైకుంఠంలో సమాధి. లోపలి బ్రహ్మపదార్థం మాత్రం పాతదానిలోంచి కొత్తదానిలోకి వెళుతుంది. మార్చే దైతాపతి సేవకుడి కళ్లకు గంతలుంటాయి, చేతులకు వస్త్రం చుట్టి ఉంటుంది. ఏటా మారేది, కొన్నేళ్లకోసారి మారేది, ఎన్నటికీ మారనిది. దేనికి ఎంత ఆయువో ముందే నిర్ణయమై ఉండడంతో అక్కడ తగవు పుట్టదు.

అంతర్వేదికి ఎంచుకునే అవకాశమే దక్కలేదు. 2020 సెప్టెంబరులో ఒక రాత్రి లక్ష్మీనరసింహస్వామి రథం ఉన్నచోటే కాలిపోయింది. దశాబ్దాల నాటి టేకు రథం. కోనసీమలో ఆ వార్తకు కంటతడి పెట్టని ఇల్లు లేదంటే అతిశయోక్తి కాదు. 2021 ఫిబ్రవరిలో జరిగిన కల్యాణోత్సవాలకల్లా కొత్త రథం సిద్ధమైంది. బాధపడ్డ జనం ఇది మా రథం కాదని అనలేదు. మోకు అందుకున్నారు, లాగారు.

తమిళనాట తిరువారూరులో ఇంకో పద్ధతి కనిపిస్తుంది. మన త్యాగరాజస్వామి పుట్టిన ఊరది. అక్కడి త్యాగరాజేశ్వరుడి తేరు అలంకారంతో కలిపి 96 అడుగుల ఎత్తు, సుమారు 300 టన్నుల బరువు. 1926లో కాలిపోతే మళ్లీ కట్టుకున్నారు. అంత బరువుకు కొయ్య చక్రాలు ఎన్నాళ్లు ఆగుతాయి? తిరుచ్చిలోని బీహెచ్ఈఎల్ ఉక్కు చక్రాలు, ఇరుసులు, హైడ్రాలిక్ బ్రేకులు అమర్చింది. పైన శిల్పుల కొయ్యపని, కింద బాయిలర్లు తయారుచేసే కర్మాగారం ఇనుము. ఇది సంప్రదాయమేనా అని గొణిగేవాళ్లు ఉండే ఉంటారు. నాకైతే ఆ బ్రేకులో భక్తి కనిపిస్తుంది. 300 టన్నులు కదిలాక చక్రాల కింద దిమ్మ పెట్టి ఆపాల్సిన మనిషి ప్రాణాన్ని తలచుకుని చేసిన పని కదా అది.

నా దృష్టిలో తీర్పు చెప్పే హక్కు ఆ మనిషిదే. గుడిదాకా రాలేని ముసలివాళ్లకు, మంచం పట్టినవాళ్లకు, ఒకప్పుడు గడప తొక్కనివ్వని వాడలవాళ్లకు స్వామి తానే ఎదురొచ్చే వాహనం రథం. మూలవిరాట్టు కదలదు, ఉత్సవమూర్తి బయల్దేరుతుంది, ఆ బయల్దేరడానికే ఈ చక్రాలు. హంపీ విఠలాలయంలోని రాతిరథానికి చెద భయం లేదు. అపురూపమైన శిల్పం, కాదనను. కానీ ఏ వీధికీ వెళ్లదు. వీధికి వెళ్లేదానికి అరుగుదల తప్పదు. అరిగినదాన్ని బాగుచేయాలా మార్చాలా అన్నప్పుడు మోకు పట్టేవాళ్లను, చక్రం పక్కన నడిచేవాళ్లను, పిల్లల్ని ఎత్తుకుని అరుగు మీద నిలబడేవాళ్లను కళ్లముందు పెట్టుకుంటే చాలా వాదాలు వాటంతటవే రాలిపోతాయి. మా తాత ఇచ్చిన రథమన్న పట్టుదలా, శిలాఫలకం మీద నా పేరుండాలన్న తహతహా ఒక తల్లి బిడ్డలే. ఇద్దరూ దేవుడి వాహనంలో తమకు చోటు వెతుక్కుంటున్నారు.

ఇక రథమంటే శరీరమేనని కఠోపనిషత్తు ఎప్పుడో చెప్పింది. ఆత్మ రథికుడు, బుద్ధి సారథి, మనసు కళ్లెం, ఇంద్రియాలు గుర్రాలు. చక్రాల గురించి, ఇరుసు గురించి మాత్రం అక్కడ మాట లేదు. మోకాళ్లు అరిగిన వయసులో చదివితే ఆ లోటు బాగా తెలుస్తుంది! వైద్యులు ఇప్పుడు కీలు మారుస్తారు, కవాటం మారుస్తారు, ప్రయాణం మిగిలి ఉన్నంతకాలం మార్పించుకోవడంలో తప్పేమీ లేదు. రథాన్ని నిర్లక్ష్యం చేయడం వైరాగ్యం కాదు.

ఎక్కడ ఆపాలన్నదే కష్టం. భారతం శల్యపర్వంలో దుర్యోధనుడు పడిపోయాక పాండవులు కౌరవ శిబిరానికి వస్తారు. గాండీవాన్ని, అమ్ములపొదులను తీసుకుని ముందు నువ్వు దిగమంటాడు కృష్ణుడు అర్జునుడితో. ఆ తర్వాత తాను దిగుతాడు. దిగీ దిగగానే రథం భగ్గున మండి బూడిదవుతుంది. ద్రోణ కర్ణుల అస్త్రాలకు అది ఎప్పుడో దగ్ధమైంది, నేను కూర్చున్నందువల్లే ఇంతవరకూ నిలిచిందంటాడు స్వామి. అంత గొప్ప రథాన్ని మళ్లీ నిలబెట్టమని అర్జునుడు అడగలేదు. పని అయిపోయింది. తొంభై దాటిన తండ్రి గొట్టాల మధ్య ఉన్నప్పుడు, ఇంకేమైనా చేయగలమా డాక్టరుగారూ అని అడుగుతున్న బిడ్డలకు ఈ ఘట్టం చదివి వినిపించే ధైర్యం నాకు లేదు. కానీ వాళ్లలో ఒక్కరికైనా అది తెలిసి ఉంటే బాగుండునని మాత్రం అనిపిస్తుంది.

ఊరి రథం దగ్గరికొస్తే, ఇరుసు చూడాల్సింది మాఘానికి ముందు పుష్యంలో కాదు. ఉత్సవం అయిన మరుసటి వారంలోనే, రథం ఇంకా బయట ఉండగా, అది ఏ మలుపులో కిర్రుమందో లాగినవాళ్లకు గుర్తుండగా చూడాలి. కర్ర కోసి తెచ్చాక ఆరడానికి నెలలు పడుతుంది. పచ్చికర్రతో చేసిన చక్రం ఎండలకు బీటలు తీస్తుంది. ముందు కడచీలలు, తర్వాత ఇరుసు, తర్వాత చక్రాల ఆకులు, ఆ తర్వాతే పైకెళ్లాలి. రంగుల డబ్బాలు చివర్న తెచ్చుకోవచ్చు.