తెలియకపోవడం ఎవరి తప్పు?



పల్లె ఆరోగ్య కేంద్రంలో అర్ధరాత్రి ఒక బిడ్డ పుట్టి ఏడవలేదనుకోండి. ఉన్నది ఒక్క నర్సమ్మే. తుడిచి, వీపు రుద్దినా ఊపిరి తీయని బిడ్డకు మొదటి నిమిషంలోనే ముఖానికి మాస్కు ఆనించి, సంచి నొక్కి గాలి అందించాలి. ఆ పని ఆమె చదువుకునే రోజుల్లో ఎప్పుడో ఒకసారి చూసింది, అంతే. బిడ్డ దక్కలేదు. "నాకు తెలియదండీ" అంటే ఆమె నిర్దోషియేనా?

ఎంత ప్రయత్నించినా తొలగని అజ్ఞానం దోషం కాదనీ, తన విధికి అవసరమైనది తెలుసుకోగలిగి కూడా తెలుసుకోకపోవడం దోషమేననీ పునీత తోమాసు అక్వీనాసు వివరించారు. చిక్కంతా ఆ "తెలుసుకోగలిగి" అన్న మాటలోనే ఉంది. శిక్షణకని ఆమె పట్నం వెళితే ఇక్కడ కాన్పులు ఎవరు చూస్తారు?

డెన్మార్కుకు చెందిన మెటర్నిటీ ఫౌండేషన్ వారి 'సేఫ్ డెలివరీ యాప్' ఈ చిక్కును కొంత విప్పింది. బిడ్డకు ఊపిరి అందించడం, తల్లికి రక్తస్రావం ఆపడం వంటివి కదిలే బొమ్మలతో చూపిస్తుంది. ఒకసారి ఫోనులోకి దించుకుంటే ఇంటర్నెట్ లేకున్నా నడుస్తుంది. ఇథియోపియాలోని పశ్చిమ వొల్లెగాలో 73 కేంద్రాలలో దీనిని పరీక్షించి, ఫలితాలను 2016లో ప్రకటించారు. యాప్ అందుకున్నవారి తెలివిడీ, చేతి నేర్పూ ఏడాది తరువాత కూడా మిగతావారికంటే మెరుగ్గా ఉన్నాయి. చనిపోయి పుట్టిన బిడ్డలు, వారంలోపు పోయిన బిడ్డలు కలిపి యాప్ లేనిచోట వెయ్యికి 23, ఉన్నచోట 14. అయితే ఆ తేడా యాప్ వల్లనే వచ్చిందని రూఢిగా చెప్పడానికి ఆ లెక్కలు చాలలేదు. ఆ సంగతి దాచకుండా ప్రకటించడం నాకు నచ్చింది.

నా భయం వేరు. "ఫోను ఇచ్చాం కదా, ఇక తప్పంతా నీదే" అనే అధికారులు బయలుదేరుతారేమో! ఆమె పాఠం ఎప్పుడు చూడాలి? రాత్రి డ్యూటీ ముగించి, ఇంట్లో వంట చేసి, పిల్లలను బడికి పంపాకనా? గట్టు మీద కూర్చుని ఈత నేర్చినవారు లేరు. బొమ్మ మీద పదిసార్లు చేయించి, చెయ్యి దిద్దే పెద్ద నర్సు కావాలి. సంచీ మాస్కూ బీరువాలో ఉండి, తాళంచెవి మరొకరి ఇంట్లో ఉంటే ఏ యాప్ ఏం చేస్తుంది? ఆ రాత్రి పోయిన బిడ్డ విషయంలో, తాళంచెవి పట్టుకెళ్లినవారినీ, డ్యూటీ పట్టీలో నేర్చుకోవడానికి గంట కూడా మిగల్చనివారినీ అంతరాత్మ ముందు నిలబెట్టాలంటాను.

అంతమాత్రాన నర్సమ్మకు పూర్తి విడుదల లేదు. తీరికా, పరికరమూ, నేర్పేవారూ ఉండి, ఆరునెలలుగా ఆ యాప్ తెరవకపోతే, అది అక్వీనాసు చెప్పిన రెండో రకం అజ్ఞానమే.

మన విచారణల ఆడబిడ్డలు ఎందరో నర్సింగు చదువుతున్నారు. అటువంటి అమ్మాయి మీ ఇంట్లో సాయంత్రం పూట ఫోను పట్టుకుని కూర్చుంటే, విసుక్కునే ముందు ఏం చూస్తోందో ఒకసారి అడగండి.