మధ్యలో నిలిచినవాడు

చదువవలసిన భాగము: అపొ. కార్యములు 13:13, 15:36–39, 2 తిమోతి 4:11

భిలాయి ఉక్కు కర్మాగారము 1959వ సంవత్సరమున ఇనుము కరిగింప మొదలిడెను. పని వెదకుచు వచ్చిన తెలుగు కుటుంబములు అచ్చట స్థిరపడి, తమ బిడ్డలను కళాశాలలకు పంపిరి. అయితే చేరినవారందరును చదువు ముగింపరు. ఒకనికి ఫీజు కట్టు స్తోమత లేదు. ఒకతెకు తండ్రి వ్యాధివలన ఇంటి భారము. మరియొకడు పెద్దల కోరికచొప్పున తనకు తగని కోర్సులో చేరి, పరీక్ష తప్పి, సిగ్గుచే తరగతికి పోవుట మానును. సోమరియని నిందించుట సులభము, కారణమడుగువారు కొద్దిమందియే.

మార్కు అనబడిన యోహానును మధ్యలో విడిచినవాడే. పెర్గేనుండి అతడు యెరూషలేమునకు తిరిగిపోయెను. పౌలు అతనిని మరల వెంటబెట్టుకొన నొల్లకపోగా, బర్నబా చేరదీసి కుప్రకు తోడుకొనిపోయెను. తుదకు ఆ పౌలే అతని పరిచర్యను కోరి పిలిపించెను.

ఉక్కు కర్మాగారములో తునిగిన ముక్క పారవేయబడదు. కరగిన ఇనుముతోకూడ కొలిమిలో పడి క్రొత్త ఉక్కుగా వెలువడును. విడిచిన చదువునకు తిరిగి వచ్చుటకు 2020 జాతీయ విద్యావిధానము సహితము త్రోవ చూపినది. ఆ త్రోవవరకు చేయిపట్టి నడిపించు బర్నబా సంఘములో ఉన్నాడా?

ప్రార్థనాంశము: చదువు నిలిచిపోయిన యౌవనస్థులు, వారిని చేరదీయు పెద్దలు.