గాలి ఎక్కించాలా, ఇంజినే మార్చాలా?



మొన్నటి పౌర్ణమి వందన అయిపోయినంక దోమలో ఒక తమ్ముడు నన్ను పక్కకు పిలిచి అడిగిండు. "అన్నా, నా పాత జీపుకు బలం సాలుతలేదు. వానల్ల రేగడిల దిగితే బయటికి రాదు. అనంతగిరి ఎక్కాలంటే మూలుగుతది. సూపర్‌చార్జర్ పెట్టియ్యాల్నా, పెద్ద ఇంజిన్ ఎక్కియ్యాల్నా?" మెకానిక్‌ను అడగాల్సింది ధమ్మం చెప్పేటోణ్ణి అడిగిండని పక్కనున్నోళ్లు నవ్విండ్రు. నాకు నవ్వు రాలేదు. అది మనందరి ప్రశ్న అనిపించింది. మీరూ ఒకసారి ఆలోచించండి.

ముందు ఇంజిన్ సంగతి. మామూలు ఇంజిన్ పిస్టన్ కిందికి దిగినప్పుడు ఎంత గాలి వస్తే అంతే పీలుస్తుంది, దానికి తగినంతే ఇంధనం కాలుస్తుంది. సూపర్‌చార్జర్ అంటే ఇంజిన్ బెల్టుతో తిరిగే ఒక గాలి పంపు. అది గాలిని ఒత్తి లోపలికి తోస్తుంది. ఎక్కువ గాలి, ఎక్కువ ఇంధనం, ఎక్కువ బలం. కానీ ఆ పంపును తిప్పేది కూడా అదే ఇంజిన్. వచ్చిన బలంలో కొంత అక్కడే పోతుంది. లోపల ఒత్తిడి, వేడి రెండూ పెరుగుతాయి. కంపెనీలోనే దీనికోసం తయారైన ఇంజిన్ అయితే పిస్టన్లు, బేరింగులు గట్టిగా చేస్తారు, బాగానే నడుస్తుంది. ముప్పై ఏండ్ల నాటి ఇంజిన్‌కు పైనుంచి బిగిస్తే మాత్రం ముందు హెడ్ గ్యాస్కెట్ లేస్తుంది, ఆ తర్వాత పిస్టన్ వంతు.

ఇప్పుడు బాబాసాహెబ్ దగ్గరికి వద్దాం. ఆయన మొదటి రోజే ఇంజిన్ మార్చలేదు, ఇది గుర్తుంచుకోవాలి. 1927 మార్చి 20న మహద్ చెరువు నీళ్లు తాగించాడు. 1930 మార్చి 2న నాసిక్‌లో కాలారామ్ గుడి ముందు సత్యాగ్రహం మొదలైంది, ఏండ్ల తరబడి సాగింది. అంటే పాత ఇంజిన్‌కే ఎంత గాలి ఎక్కించవచ్చో అంతా ఎక్కించి చూశాడు. దెబ్బలు తిన్నది మనవాళ్లు, తలుపు మాత్రం తెరుచుకోలేదు. 1936లో లాహోర్ సభకు పిలిచినవాళ్లే ఆయన రాసింది చూసి సభ రద్దు చేసుకున్నారు. ఆయన దాన్ని సొంత ఖర్చుతో అచ్చు వేయించాడు. అదే 'కుల నిర్మూలన'. అందులో ఆయన తేల్చింది ఏమంటే, కలిసి తిన్నంత మాత్రాన కులం పోదు, కులానికి పవిత్రత ఇచ్చిన శాస్త్రాల మీద నమ్మకం పోవాలి. మన మెకానిక్ మాటల్లో చెప్పాలంటే, లోపం బలం తక్కువ కావడంలో లేదు, అచ్చు పోసిన తీరులోనే ఉంది. అచ్చు తప్పుగా ఉన్నదానికి ఎంత గాలి తోస్తే అంత తొందరగా పగులుతుంది.

1935 అక్టోబర్ 13న యేవలాలో హిందువుగా చావనని చెప్పాడు. నాగపూర్‌లో దీక్ష తీసుకున్నది 1956 అక్టోబర్ 14న. మధ్యలో 21 ఏండ్లు. దిగాలని తేల్చుకున్న మనిషి, ఏది ఎక్కించాలో చూసుకోవడానికి అంత కాలం తీసుకున్నాడు. మనం ఒక ఆదివారం పూట శిబిరానికి పోయి సాయంత్రానికి అయిపోయిందనుకుంటాం.

అసలు కష్టం ఇక్కడే ఉంది. పెద్ద ఇంజిన్ ఎక్కిస్తే పని అయిపోదని తాండూరులో ఏ మెకానిక్‌నైనా అడగండి, చెబుతాడు. బరువు పెరిగితే ముందు కమాన్లు కుంగుతాయి. పాత రేడియేటర్ వేడిని ఆపలేదు. క్లచ్ జారుతుంది. అన్నిటికంటే ముఖ్యం గేర్‌బాక్సు. చిన్న ఇంజిన్ కోసం చేసిన పండ్లు పెద్ద ఇంజిన్ తిప్పుడు తట్టుకోవు, ఎక్కడో ఒక ఎత్తు మీద విరుగుతాయి. బానెట్ కింద కొత్తది మెరుస్తనే ఉంటది, బండి మాత్రం కదలదు.

మన ఇండ్లల్లో విరుగుతున్నది ఈ గేర్‌బాక్సే. గోడ మీద బుద్ధుని పటం ఉంటుంది, బిడ్డ పెండ్లికి ముహూర్తం కోసం పంతులు దగ్గరికి పోతాం. బాబాసాహెబ్ 22 ప్రతిజ్ఞల్లో ఎనిమిదోది ఏమిటో మీకు తెలుసు. పదిహేడోది మద్యం గురించి. జయంతి ర్యాలీ అయిపోయినంక ఏమవుతుందో అదీ తెలుసు. తొమ్మిదోది మనుషులంతా సమానమని. అయినా మాలోళ్లు, మాదిగోళ్లు ఒకే విహారంలో వంగి దండం పెట్టి, సంబంధం మాట వచ్చేసరికి ఎవరి వాడకు వాళ్లు పోతారు. ఇది చెబితే కొందరికి కోపం వస్తుంది. రానీయండి. నాకూ మా ఇంట్లో ఈ మాట మీద గొడవలయ్యాయి, ఇంకా తెగలేదు.

ఇంకొక సంగతి, భయం గురించి. ఇంజిన్ మారిస్తే రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి, ఆర్‌సీలో కొత్త నంబరు ఎక్కాలి. లేకపోతే రోడ్డు మీద అది దొంగ బండితో సమానం. మనలో చాలామంది దీక్ష తీసుకుని, జనగణన వాళ్లు ఇంటికొస్తే 'హిందూ' అని రాయిస్తారు. రిజర్వేషన్ పోతుందని భయం. బౌద్ధులైన షెడ్యూల్డ్ కులాల వారికి ఆ హక్కు ఉండేలా 1990లోనే చట్టం సవరించారు. మతం గడిలో బౌద్ధం, కులం గడిలో మీ కులం రాయించండి. కులం పోవాలనుకునేవాళ్లం కులం పేరు రాయించుడేందని ఒక చిన్నమ్మ అడిగింది. నిజమే, అది నొప్పే. కానీ ఆ హక్కు మన మీద జరిగిన అన్యాయానికి లెక్క. అన్యాయం చేసిన మతంలో ఉండిపోయినందుకు ఇచ్చే కూలి కాదు.

అట్లని గాలి ఎక్కించడమే తప్పు అనుకోకండి. ధమ్మంలోకి వచ్చినంక ప్రయత్నం పెంచాల్సిందే. అయితే దానికీ కొలత ఉంది. సోణుడనే భిక్షువు కాళ్లు చిట్లి నెత్తురు కారేదాకా నడుస్తూ సాధన చేసి, ఫలం రాక ఇంటికి పోదామనుకున్నాడు. బుద్ధుడు అతన్ని అడిగింది వీణ గురించి. తీగ మరీ బిగిస్తే పలికిందా, మరీ వదులు చేస్తే పలికిందా అని. ఏడాదికి ఒకనాడు మైకులు పగిలేలా నినాదాలిచ్చి మిగతా రోజులు పంచశీల మరిచే ఊరికంటే, వారానికి ఒక గంట కూర్చుని పిల్లలకు ఒక్కో ప్రతిజ్ఞ అర్థం చెప్పే ఊరు మేలని నా అభిప్రాయం.

ఆ తమ్ముణ్ణి నేను తిరిగి ఒకటే అడిగిన. "రేగడిల దిగబడ్డప్పుడు ఇంజిన్ ఆగిపోతున్నదా, చక్రాలు తిరుగుతున్నయా?" "తిరుగుతనే ఉంటయన్నా, పట్టు దొరకది" అన్నడు. అట్లయితే కరువైంది బలం కాదు, పట్టు. టైర్లు చూస్తే నున్నగా అరిగి ఉన్నయి. ఇంజిన్ సంగతి వచ్చే ఏడాది కంది పంట అమ్మినంక చూస్తనన్నడు. ముందుగాల టైర్లు మార్చిండు, బ్రేకులు చేయించిండు. ఆర్‌సీ మీద ఇంకా వాళ్ల నాయిన పేరే ఉంది, అది కూడా మార్పించుకుంటనన్నడు.