వన్స్ మోర్

2006లో కెనడా వచ్చిన కొత్తలో, స్కార్‌బరోలో ఒక పెద్దావిడ ఇంటి బేస్‌మెంట్‌లో ఏడాదిన్నర అద్దెకున్నాను. ఆవిడ భర్త పోయి అయిదారేళ్ళయింది. పిల్లల్లో ఒకరు కాల్గరీలో, ఒకరు హాలిఫాక్స్‌లో. శుక్రవారం సాయంత్రం నేను ఆఫీసునుంచి రాగానే పైనుంచి పిలుపొచ్చేది. ఒక కప్పు టీ, రెండు బిస్కట్లు, ఒక వీడియో టేపు. టేపుల అట్టలమీద తేదీలన్నీ ఆవిడ భర్త చేతిరాత. ఆయన టీవీలోంచి రికార్డు చేసి దాచుకున్న 'ఫ్రంట్ పేజ్ ఛాలెంజ్' అనే ఆట అది.

తెలియనివాళ్ళకోసం రెండు ముక్కలు. సీబీసీ ఈ ఆటని 1957 జూన్ 24న, వేసవిలో ఖాళీ పూరించడానికని మొదలుపెట్టింది. అది 1995 దాకా, 38 ఏళ్ళు నడిచింది. పేరున్న నలుగురు ఒక బల్ల దగ్గర కూర్చుంటారు. వాళ్ళ వెనకవైపు, వాళ్ళకి కనబడకుండా, ఎప్పుడో పత్రికల మొదటి పేజీకెక్కిన వార్తతో సంబంధమున్న మనిషి ఒకరుంటారు. ఆ మనిషెవరో ఇంట్లో చూస్తున్న మనకి తెలుసు, ఆ నలుగురికే తెలియదు. ప్రశ్నమీద ప్రశ్న వేసి వాళ్ళు ఆ వార్తేమిటో పట్టుకోవాలి. ఆ తర్వాత అతిథి వాళ్ళ ఎదురుగా వచ్చి కూర్చుంటే అసలు సంభాషణ మొదలవుతుంది. బో టై కట్టుకునే చరిత్ర రచయిత పియర్ బెర్టన్, మర్యాద తప్పని బెట్టీ కెనెడీ, ఎంత పెద్దవాళ్ళనైనా "మీ సంపాదనెంత?" అని మొహంమీదే అడిగేసే గోర్డన్ సింక్లెయిర్, నాలుగో కుర్చీలో వారానికొకరు, ఆట నడిపించడానికి ఫ్రెడ్ డేవిస్. అక్కడికొచ్చిన అతిథుల్లో మన ఇందిరాగాంధీ కూడా ఉన్నారు.

ఆవిడకి ఆ టేపులన్నీ కంఠస్థం. ఎవరు ఎక్కడ నవ్వుతారో, సింక్లెయిర్ ఎప్పుడు విసుక్కుంటాడో అన్నీ తెలుసు. అయినా జవాబు ముందుగా ఒక్కసారి కూడా చెప్పలేదు. నావైపు తిరిగి, "ఎవరై ఉంటారంటావు?" అని అడిగేది. ఆవిడ నాకోసం తెలియనట్టు నటిస్తోందని అప్పుడనుకున్నాను. నిజంగానే ఎదురుచూస్తోందేమోనని ఇప్పుడనిపిస్తోంది.

తెలిసిపోయినదాన్ని మళ్ళీ ఎందుకు చూస్తాం?

నా వృత్తి దృష్టిలో ఇదొక తెలివితక్కువ పని. నేను చదివింది కంప్యూటర్ సైన్స్. 1948లో క్లాడ్ షానన్ రాసిన సిద్ధాంతం ప్రకారం, ముందే ఖాయంగా తెలిసిపోయిన కబురులో ఉండే సమాచారం సున్నా. మేం రాసే ప్రోగ్రాముల్లో కూడా ఒకసారి లెక్కకట్టిన జవాబుని దాచిపెట్టుకుంటాం, మళ్ళీ లెక్కకట్టం. అవును, కాదు అనే ప్రశ్నలు 20 సరిగ్గా వేస్తే పది లక్షలకి పైగా వస్తువుల్లోంచి ఒకదాన్ని పట్టుకోవచ్చు. ఇరవై రెట్టింపులు వేసి చూడండి, 10,48,576 వస్తుంది. పట్టుకున్నాక ఇక ఆ ప్రశ్నలతో పనేముంది?

మన ఊళ్ళవైపు మనుషులు ఈ లెక్కని ఎన్నడూ ఒప్పుకోలేదు. మాది తెనాలి. రాయబారం నాటకంలో కృష్ణుడు పద్యం ఎత్తుకునేసరికి జనంలో సగం మంది పెదవులు కదుపుతూనే ఉండేవారు. పద్యం అయిపోగానే "వన్స్ మోర్!" అని కేకలు. నాటకం ఆగిపోయేది, యుద్ధం ఆగిపోయేది, కృష్ణుడు హార్మోనియంవైపు ఒక చూపు చూసి మళ్ళీ ఎత్తుకునేవాడు. సంధి కుదరదని అందరికీ తెలుసు. తెలిసే కూర్చున్నారు. ఇక్కడ 'ఫ్రంట్ పేజ్ ఛాలెంజ్' మొదలవడానికి మూడు నెలల ముందు, అదే 1957 మార్చిలో, అక్కడ 'మాయాబజార్' విడుదలైంది. 2010లో దానికి రంగులద్ది మళ్ళీ హాళ్ళలో వేస్తే, ఘటోత్కచుడు వంటకాలన్నీ ఎలా ఖాళీ చేస్తాడో తెలియక వెళ్ళినవాళ్ళు ఎంతమంది ఉంటారు?

అంచేత పాత ఆటలు మళ్ళీ మళ్ళీ చూసే ఇక్కడి అభిమానులు నాకు పరాయివాళ్ళు అనిపించరు. ఆవిడ దగ్గర అంటుకున్న అలవాటు నాకూ వదల్లేదు. రాత్రిపూట ఆన్‌కాల్ డ్యూటీలో ఉన్నప్పుడు, సర్వర్లు బుద్ధిగా ఉంటే, యూట్యూబ్‌లో అమెరికావాళ్ళ 'వాట్స్ మై లైన్?' పెట్టుకుంటాను. 1950నుంచి 1967దాకా సీబీఎస్‌లో వచ్చిన ఆట. నలుగురూ కళ్ళకి గంతలు కట్టుకుంటారు, పేరుమోసిన నటుడొకడు గొంతు మార్చి జవాబులిస్తాడు. నా బాల్యంలో లేనిది, నా భాషలో లేనిది, అందులో ఉన్నవాళ్ళు దాదాపు అందరూ పోయినవాళ్ళు. అయినా చూసిందే చూస్తాను. ఎంతో ఓపికగా చూస్తాను.

ఆ ఓపికే నన్ను దొంగలా పట్టించింది.

అమ్మ పోయాక, 2018లో నాన్న సూపర్ వీసామీద మా దగ్గరికొచ్చి పదినెలలు ఉన్నాడు. పోస్టాఫీసులో గుమాస్తాగా చేరి పోస్టుమాస్టరుగా రిటైరైన మనిషి. నాన్నకి ఒక కథ ఉంది. 1977 నవంబరు 19, శనివారం, దివిసీమ ఉప్పెన. అధికారిక లెక్కల్లోనే పదివేల దాకా ప్రాణాలు పోయిన ఉప్పెన అది. అప్పటికి నాన్న అవనిగడ్డలో కుర్రగుమాస్తా. నీళ్ళు తీశాక నాలుగైదు రోజులకి, మనియార్డర్లు, ఉత్తరాలు సంచిలో వేసుకుని సముద్రంవైపు ఊళ్ళకి బయల్దేరారు. "సైకిలు తోసుకుంటూ కొంతదూరం, మోసుకుంటూ కొంతదూరం. ఊరు ఉండాల్సిన చోట ఊరు లేదు. డబ్బులున్నాయి, తీసుకునే చెయ్యి లేదు" అని ముగించేవాడు. ఎప్పుడూ అదే మొదలు, అవే మాటలు, అదే ముగింపు.

మొదటిసారి శ్రద్ధగా విన్నాను. రెండోసారి ఫోను చూసుకుంటూ విన్నాను. మూడోసారి, "చెప్పావు నాన్నా" అన్నాను.

నాన్న ఆగిపోయాడు. "చెప్పానా? ఏమోరా" అని కాసేపు కిటికీలోంచి మంచు చూసి, లోపలికెళ్ళి పడుకున్నాడు. ఆ రాత్రి నేను 'వాట్స్ మై లైన్?' పెట్టుకున్నాను. ఒక పాత ఎపిసోడ్, అప్పటికి నాలుగోసారో అయిదోసారో. సగం చూశాక సిగ్గేసింది. ఏనాడో పోయిన పరాయివాళ్ళకి ఇస్తున్న చెవిని పక్కగదిలో ఉన్న నాన్నకి ఇవ్వలేకపోయాను.

ఎందుకిలా అని ఆలోచిస్తే నాకు దొరికిన జవాబు ఇది. పాత ఆట మననుంచి ఏమీ కోరదు. మధ్యలో ఆపేసినా బెర్టన్ బాధపడడు, "వింటున్నావా?" అని అడగడు. ఎదురుగా ఉన్న మనిషి అడుగుతాడు. నోటితో కాకపోతే కళ్ళతో అడుగుతాడు. టేపుమీద మనం చూపించేదాన్ని ఓపిక అనకూడదేమో. ఖర్చులేని ప్రేమ అది. అందుకే అంత ధారాళంగా ఇవ్వగలుగుతాం.

అయితే ఆ ఆటలు చూడటం దండగ అని నేననను. మళ్ళీ చూడటంవల్ల నాకు ఒకటి తెలిసొచ్చింది. మొదటిసారి చూసినప్పుడు మన దృష్టంతా జవాబుమీదే. జవాబు తెలిశాక, అప్పుడు మనుషులు కనబడతారు. 1965 జనవరిలో మాల్కమ్ ఎక్స్ ఈ ఆటకి వచ్చాడు. తర్వాత ఏడు వారాలు కూడా తిరక్కుండా, ఫిబ్రవరి 21న న్యూయార్కులో ఆయన్ని కాల్చి చంపారు. ఆ భాగం మళ్ళీ చూసేవాడికి ఆయన మాటలతోపాటు ఆయనకి మిగిలిన రోజులు కూడా కనబడతాయి. 1969లో ఎలేన్ టానర్ వచ్చింది. అంతకుముందు ఏడాది మెక్సికో ఒలింపిక్స్‌లో ఈతలో మూడు పతకాలు తెచ్చిన, ఇరవై కూడా నిండని అమ్మాయి. నెలసరి రోజుల్లో కూడా ఈదుతావా అని సింక్లెయిర్ ఆ అమ్మాయిని అందరిముందూ అడిగాడు. దేశమంతా గొడవైంది. 'ఆ పాతరోజుల మర్యాదలే వేరు' అని నిట్టూర్చేవాళ్ళు ఆ సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. ఇంకొకటి. ఈ ఆట మొదలైన 1957లో ఇండియానుంచి ఏడాదికి ఇంతమందినే రానిస్తామని కెనడా ఒక కోటా పెట్టి ఉంచింది. 1951లో 150 అన్నది ఆ ఏడే 300 అయింది. రంగునిబట్టి ఎంచే నిబంధనలు 1962లో పోవడం మొదలై, 1967లో పాయింట్ల పద్ధతి వచ్చింది. అంటే నేను ఇంత ముచ్చటగా చూస్తున్న ఆ వెచ్చని హాల్లోకి నాలాంటివాడికి దాదాపు తలుపు మూసే ఉంది. దానివల్ల ఆటమీద ఇష్టం పోలేదుగాని, కళ్ళు తెరుచుకుని ఇష్టపడటం నేర్చుకున్నాను.

మళ్ళీ చూస్తే ఇన్ని కనబడినప్పుడు, మళ్ళీ వింటే?

నాన్న మళ్ళీ ఆ కథ ఎత్తుకోవడానికి నెల పట్టింది. ఒక ఆదివారం బఠాణీలు ఒలుస్తూ మొదలుపెట్టాడు. ఈసారి జవాబు తెలిసినవాడిలా కాకుండా, ఆ బల్ల దగ్గర కూర్చున్నవాడిలా విన్నాను. అప్పుడు ఒక మాట తగిలింది. అన్నిసార్లూ ఉన్నదే, నేనే వినలేదు. "బయల్దేరాం" అంటున్నాడు నాన్న. బయల్దేరాను అనటంలేదు.

"నీతో ఇంకెవరు నాన్నా?"

నాన్న చేతిలో బఠాణీకాయ అలాగే ఉండిపోయింది. "మా పోస్టుమాన్‌రా. ఆ ఊరిదే అతను. ఆ శనివారం పనిమీద అవనిగడ్డలో ఉండిపోయాడు, అందుకే మిగిలాడు." కాసేపాగి, "మనియార్డర్లలో ఒకటి వాళ్ళమ్మ పేరుమీద ఉంది. వాళ్ళ తమ్ముడు బొంబాయినుంచి పంపాడు. నేను చూశాను. అతనికి చెప్పలేదు. ఆఫీసుకొచ్చాక మిగతావాటితోపాటు వెనక్కి పంపించేశాను. చెప్పాల్సిందంటావా?" అన్నాడు.

నలభై ఏళ్ళుగా నాన్న చెబుతూ వచ్చిన కథ ఆ ప్రశ్నకి ముందుమాట మాత్రమే. ఆ ఆటలో అతిథి తనంతట తాను ఏదీ బయటపెట్టకూడదు, అడిగినదానికే జవాబివ్వాలి. కొందరు మనుషులు కూడా అంతే. వాళ్ళు చెప్పిందే చెబుతున్నారంటే మరుపుతోనే కానక్కర్లేదు, అడగాల్సింది ఇంకా ఎవరూ అడగలేదని కూడా కావచ్చు. అది తెలియక మనం "చెప్పావు నాన్నా" అని ఆట కట్టేస్తాం.

ఇదంతా రాసి మా ఆవిడకి చూపించాను. "బానే ఉంది. మీకు నాలుగోసారి, నాకు నలభయ్యోసారి. ఇంట్లోంచి పనిచేసేది నేను కదా, పగలల్లా మావయ్యగారి కథలు విన్నది నేను. ఆ ఓపికకి ఎవరూ వ్యాసం రాయలేదు" అంది. కాదనలేను. పెద్దవాళ్ళు ఏం చెప్పినా ఎన్నిసార్లైనా వినాల్సిందే అని ధర్మం చెప్పడం సులువు. ఆ వినే పని మాత్రం ఇంట్లో ఎవరో ఒక్కరి నెత్తినే పడుతుంది, చాలాసార్లు ఆ ఒక్కరూ కోడలే. పైగా చెప్పిన కథల్లో అన్నింటి వెనకా ఒక మనియార్డరు ఉండదు. కొన్ని వట్టి సణుగుళ్ళు. అందుకని నేను కోరేది పెద్ద ధర్మమేం కాదు. వినే ఓపిక లేనిరోజు లేదనే చెప్పొచ్చు. కాని విన్న కథే గదా అని నోరు మూయించే ముందు, కొత్త ప్రశ్న ఒక్కటైనా అడగాలి. ఇంట్లో నలుగురుంటే నలుగురూ వంతులవారీగా అడగాలి. ఆ బల్ల దగ్గర నాలుగు కుర్చీలు వేసింది అందుకే కాబోలు.

స్కార్‌బరో ఆవిడ 2012లో పోయింది. పిల్లలొచ్చి ఇల్లు అమ్మేస్తూ, టేపులు కావాలా అని నాకు ఫోను చేశారు. వీసీఆర్ లేదుగా అని వద్దన్నాను. అప్పుడది తెలివైన జవాబే అనిపించింది. ఆవిడ ఆ టేపుల్లో చూసుకుంటున్నది ఆటనో, అట్టమీది చేతిరాతనో ఒక్కసారైనా అడిగి ఉండాల్సింది.

నాన్న ఇప్పుడు తెనాలిలో ఉన్నాడు. మాకు శనివారం రాత్రి, ఆయనకి ఆదివారం ఉదయం, వీడియోలో మాట్లాడుకుంటాం. పోయినవారం, "నీకిది చెప్పానో లేదో" అని మొదలుపెట్టాడు. చెప్పావనీ అనలేదు, చెప్పలేదనీ అనలేదు. ఆయన ప్రశ్నకి నా దగ్గర ఇంకా జవాబు లేదు. నా ప్రశ్న ఒకటి మాత్రం సిద్ధం చేసుకున్నాను.

"ఆ పోస్టుమాన్ పేరేమిటి నాన్నా?"

తడుముకోకుండా చెప్పాడు, ఇంటిపేరుతో సహా. ఆ తర్వాత గొంతు సవరించుకుని, కథ మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు.