మాట వినపడని వేళ

సాగర్ ఆవలి ఒడ్డున విజయపురి సౌత్‌లో చిన్న విమానాలు దిగే ఎయిర్‌స్ట్రిప్ ఒకటి ఉంది. 2022 ఫిబ్రవరి 26న అక్కడినుండి లేచిన ఒక చిన్న సెస్నా శిక్షణ విమానం మన పెద్దవూర మండలం తుంగతుర్తి పొలాల్లో కూలిపోయింది. దానిని ఒంటరిగా నడుపుతున్న శిక్షణ పైలట్ మరణించారు. ఆ ప్రమాదంపై తీర్పు చెప్పడానికి ఈ మాటలు రాయడం లేదు. ఆకాశంలో ఒంటరిగా ఉన్న మనిషిని తలచుకొన్నప్పుడు కలిగిన వేరొక ప్రశ్నను మీ ముందుంచుతున్నాను.

పైనున్న పైలట్‌కు కిందివారితో ఉన్న బంధం రేడియో. అది మూగబోతే? ఆజ్ఞాపించేవారు లేరు, అడిగేవారు లేరు. అప్పుడు ఆ మనిషి తన ఇష్టం వచ్చినట్లు నడుచుకోవచ్చునా?

రేడియో పోయినంత మాత్రాన విమానం పడిపోదు. రెక్కలకూ ఇంజనుకూ రేడియోతో పని లేదు. అందుకే పైలట్లకు నేర్పే క్రమం ఇది: ముందు విమానాన్ని సరిగా నడుపు, తరువాత దారి చూసుకో, ఆ తరువాతనే మాట్లాడు. కంగారుపడి రేడియో మీటలు తిప్పుతూ విమానాన్నే మరచిపోతే చిన్న లోపం పెద్ద ఆపద అవుతుంది.

తరువాత తనను తాను పరీక్షించుకోవాలి. వాల్యూమ్ తగ్గి ఉందా? హెడ్‌సెట్ ప్లగ్ ఊడిందా? ఫ్రీక్వెన్సీ తప్పు పెట్టానా? ఎదుటివారు పలకడం లేదని నిందించే ముందు లోపం తన దగ్గరే ఉందేమో చూసుకోవాలి. ఈ పాఠం ఇంటిలో మనకూ అవసరమే గదా!

అప్పటికీ ఫలితం లేకపోతే ట్రాన్స్‌పాండర్ అనే పరికరంలో 7600 అనే అంకె పెట్టాలి. రాడార్ తెర ముందున్నవారికి ఈ విమానం రేడియో పోయిందని దానివల్ల తెలుస్తుంది. జవాబు రాకపోయినా తానెక్కడున్నదీ, ఏమి చేయబోతున్నదీ రేడియోలో చెబుతూనే ఉండాలి. తనకు వినపడకపోయినా తన మాట అవతల వినపడుతూ ఉండవచ్చు.

ఆకాశం తేటగా ఉంటే మబ్బుల్లోకి పోకుండా, దగ్గరలోని అనువైన విమానాశ్రయంలో దిగాలి. అక్కడ కంట్రోల్ టవర్ ఉంటే దీపంతో సైగ చేస్తారు. నిలకడగా పచ్చదీపం చూపితే దిగవచ్చు. నిలకడగా ఎర్రదీపమైతే ఇతర విమానాలకు దారి ఇచ్చి చుట్టూ తిరుగుతూ ఉండాలి. చూశానని చెప్పడానికి పగటివేళ పైలట్ రెక్కలు ఊపుతాడు.

మబ్బుల్లో చిక్కుకున్నవాని సంగతి మరింత కఠినం. చివరిసారి అనుమతించిన ఎత్తునూ వేగాన్నీ రాడార్ ఉన్నచోట 7 నిమిషాలు, లేనిచోట 20 నిమిషాలు నిలబెట్టుకొని, ఆ తరువాత ముందుగా రాసి ఇచ్చిన ప్రయాణ పథకం ప్రకారం సాగిపోవాలని అంతర్జాతీయ నియమం. ఎందుకు? అతడు ఎటు వస్తాడో కిందివారు ఊహించగలగాలి. ఆ ఊహ మీద ఆధారపడి వారు మిగతా విమానాలను పక్కకు తప్పిస్తారు. అతడు మాట తప్పితే, తానెన్నడూ చూడని ప్రయాణికుల ప్రాణాలు ప్రమాదంలో పడతాయి.

మరి నియమమే సర్వస్వమా? కాదు. ప్రాణాపాయం తప్పించడానికి తప్పనిసరైతే నియమాన్ని దాటే అధికారం పైలట్‌కు ఉంది. ప్రాణం కాపాడడానికి దాటడం వేరు, ఎవరూ చూడడం లేదని దాటడం వేరు. ఆ రెంటికీ తేడా చెప్పగలిగినది ఆ క్షణాన అతని మనస్సాక్షి ఒక్కటే.

చివరి నియమం చాలా చిన్నది. దిగిన వెంటనే, వీలైనంత త్వరగా, క్షేమంగా దిగానని కబురు చేయాలి. లేకుంటే వెతికేవారు బయలుదేరుతారు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్‌తో సంబంధాలు తెగిపోయి, మరునాడు నల్లమలలో శకలాలు కనబడేవరకు రాష్ట్రమంతా ఎలా ఎదురుచూసిందో మనకు గుర్తే. కబురు అందని నిశ్శబ్దం ఎంత బరువైనదో ఆ రోజు తెలిసింది.

ప్రియ పాఠకులారా, మన ఇండ్లలోనూ రేడియోలు మూగబోతాయి. ఆఖరి బస్సుకు వస్తానన్న కొడుకు ఫోను ఆగిపోతుంది. తండ్రి స్టేజీ దగ్గర నిలబడి ఉంటాడు. గల్ఫ్‌కు వెళ్ళిన భర్త నుండి వారాల తరబడి కబురు రాదు. భార్య అతడు చెప్పిపోయిన మాట మీద సంసారం నడుపుతుంది. అడిగేవారు లేనప్పుడే మన మాట నిజమైన పరీక్షకు నిలుస్తుంది. ఎదుటివాడు చూస్తున్నాడని మాట నిలుపుకోవడంలో గొప్ప ఏముంది? చీకటిలో కూడా, "వాడు ఈ దారినే వస్తాడు" అని మనవారు నమ్మకంతో దీపం పెట్టుకొని కూర్చోగలిగితే, అదే మనం వారికిచ్చే గౌరవం.

ఈ వారం ఒక పని చేద్దాం. మన కబురు కోసం ఎవరైనా ఎదురుచూస్తూ ఉన్నారేమో ఆలోచించి, క్షేమంగా ఉన్నామని ఒక్క మాట చెబుదాం.