రోగికి పొరుగువాడెవడు?

ధ్యాన భాగములు: లూకా 10:25–37, యోహాను 5:1–9



మన పల్లె సంఘములలో రెండు మాటలు తరచుగా వినబడుచున్నవి. “సర్కారు కార్డు ఇచ్చినది, ఆసుపత్రులు కట్టినది, ఇక రోగి సంగతి మనకేల?” అని కొందరందురు. “సర్కారు ఆసుపత్రిలో చూచువారు లేరు, ప్రైవేటు ఆసుపత్రిలో డబ్బు లేనిదే చూడరు, బీదవానికి దేవుడే దిక్కు” అని మరికొందరందురు. ఒకటి నమ్మకపు మాట, రెండవది నిరాశ మాట. అయినను రెండును రోగిని ఒంటరిగా విడిచిపెట్టుచున్నవి. కాబట్టి మన దేశములో వైద్యము ఏలాగు జరుగుచున్నదో మొదట తెలిసికొని, పిమ్మట వాక్యపు వెలుగులో మన విధిని ఆలోచింతము.

మన దేశమునకు స్వాతంత్ర్యము రాకమునుపే, 1943లో సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఒక సంఘము నియమింపబడి 1946లో తన నివేదికను సమర్పించెను. డబ్బు చెల్లింపలేడను కారణముచేత ఏ మనుష్యుడును వైద్యము లేక పోకూడదని ఆ నివేదిక సారాంశము. 1952నుండి ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు ఏర్పడసాగెను. మైదాన ప్రాంతమున 30,000 మందికి, కొండ ప్రాంతమున 20,000 మందికి ఒక కేంద్రము. దాని క్రింద 5,000 మందికి, కొండలలో 3,000 మందికి ఒక ఉపకేంద్రము ఉండవలెనని నియమము. వాటికి పైన సామాజిక ఆరోగ్య కేంద్రములు, జిల్లా ఆసుపత్రులు, బోధనాసుపత్రులు కలవు. మన ప్రాంతపు కష్టమైన రోగములన్నియు చివరకు చేరునది 1923నుండి విశాఖపట్నములో నున్న కింగ్ జార్జి ఆసుపత్రికే. 2023లో విజయనగరమునందును ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది.

ఇది మొదటి ద్వారము. ఇచ్చట దొరకు మందు ధర్మమని అనేకులు తలంచి, భిక్షకులవలె తలవంచుకొని నిలుచుందురు. అది సరికాదు. సబ్బుబిళ్ల కొను కూలివాడును పన్ను చెల్లించుచున్నాడు. ప్రజల ఆరోగ్యమును మెరుగుపరచుట ప్రభుత్వపు విధియని మన రాజ్యాంగములోని 47వ అధికరణము చెప్పుచున్నది. ప్రాణాపాయములో వచ్చిన రోగిని ప్రభుత్వాసుపత్రి చేర్చుకొనకపోవుట జీవించు హక్కును భంగపరచుటయేనని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

రెండవ ద్వారము ప్రైవేటు ఆసుపత్రి. అక్కడ రోగియే తన చేతి డబ్బు చెల్లించును. మూడవది ఈ రెంటిని కలిపిన ద్వారము. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ఆరోగ్యశ్రీ ఆరంభమై, 2008లో రాష్ట్రమంతట వ్యాపించెను. 2018లో కేంద్ర ప్రభుత్వము ఆయుష్మాన్ భారత్ పథకమును ఆరంభించి, కుటుంబమునకు ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యమని ప్రకటించెను. మన రాష్ట్ర పథకము 2024నుండి ఎన్.టి.ఆర్. వైద్య సేవ అను పేరుతో నడుచుచున్నది. పద్ధతి యేమనగా, రోగి పథకములో చేరిన ఆసుపత్రికి వెళ్లి ఆరోగ్యమిత్రను కలిసికొనును. ఆసుపత్రివారు ముందుగా అనుమతి పొందుదురు. ఒక్కొక్క చికిత్సకు ముందే నిర్ణయింపబడిన సొమ్మును తరువాత ట్రస్టు ఆసుపత్రికి చెల్లించును.

ఈ మూడవ ద్వారపు పోలిక మన ప్రభువు చెప్పిన ఉపమానములోనే యున్నది. సమరయుడు గాయపడినవానిని పూటకూళ్ల యింటికి తీసికొనిపోయి, రెండు దేనారములిచ్చి, అంతకంటె ఎక్కువైనచో తిరిగి వచ్చునప్పుడు తీర్చెదనని మాట యిచ్చెను. పూటకూళ్లవాడు సొమ్ము తీసికొన్నందుకు ప్రభువు అతనిని నిందింపలేదు. కాబట్టి వైద్యుడు జీతము తీసికొనుట పాపము కాదు. అయితే ఈ యేర్పాటు నిలుచుటకు ఇద్దరి యథార్థతయు కావలెను. మాట యిచ్చినవాడు తిరిగి వచ్చి బాకీ తీర్చవలెను. 2024లోను 2025లోను బకాయిలు రాలేదని మన రాష్ట్రపు ప్రైవేటు ఆసుపత్రులు ఈ సేవలను నిలిపివేసినప్పుడు, గుమ్మమునొద్ద ఆగిపోయినవాడు రోగియే. అటులనే పూటకూళ్లవాడును దేనారములకై లేని గాయమును చూపరాదు. అక్కరలేని శస్త్రచికిత్స చేసి సొమ్ము రాబట్టుట దారిదోపిడికంటె తక్కువైన పాపమా? దొంగలు దారిలో కొట్టిరి. ఇతడు మంచముమీద కొట్టును.

మరియొక సంగతి. కార్డు ముఖ్యముగా ఆసుపత్రిలో చేరినవారికి పనికివచ్చును. దినదినము మ్రింగవలసిన బి.పి., చక్కెర మాత్రలకు, పరీక్షలకు, రాకపోకలకు బీదవాడు తన చేతినుండియే వెచ్చించుచున్నాడు. దేశమంతట వైద్యమునకగు ప్రతి రూపాయిలో 2013–14లో 64 పైసలు జనులే చేతినుండి పెట్టుకొనిరి. 2021–22 నాటికి అది 39 పైసలకు తగ్గెను. ఇది మేలే. అయినను మార్కు 5వ అధ్యాయములో తనకు కలిగినదంతయు వైద్యులకు వెచ్చించి బాగుపడని స్త్రీ నేటికిని మన వీధులలో ఉన్నది. ఆమె పుస్తెలు తాకట్టులో నున్నవి.

ఇప్పుడు బేతెస్ద కోనేటి యొద్దకు వత్తము. అక్కడ ముప్పది యెనిమిది ఏండ్లనుండి పడియున్న రోగి చెప్పిన లోపమేమి? కోనేరు లేదని కాదు. నీళ్లు లేవనియు కాదు. తన్ను దింపుటకు ఒక మనుష్యుడు లేడనియే. మన శృంగవరపుకోట కొండ పల్లెలకు ఈ మాట బాగుగా తెలియును. 2005 ఆగస్టు 15న 108 వాహనములు మన రాష్ట్రమునకు వచ్చినవి. కాని బాట ఆగినచోట బండియు ఆగును. అక్కడనుండి ప్రసవవేదన పడుచున్న తల్లిని డోలీలో మోసికొని కొండ దిగిన మనుష్యులున్నారు. పక్షవాయువుగలవానిని మోసిన ఆ నలుగురిని (మార్కు 2) వారు మనకు జ్ఞాపకము చేయుచున్నారు.

అయితే ఒక ప్రశ్న. మనము మోయుచున్నంత కాలము బాట వేయువారు నిద్రించెదరు గదా? ఆ భయము నిజమే. కాని బాట వచ్చువరకు తల్లిని కొండమీద ఉంచలేము. డోలీని మెచ్చుకొని బాటను అడుగకుండుట న్యాయమును మరచుట. బాటకై అర్జీలు వ్రాయుచు డోలీని ముట్టకుండుట కనికరమును మరచుట. ప్రవక్తయైన ఆమోసు గుమ్మములో న్యాయమును స్థాపించుమనెను; ప్రభువు దారిలో పడినవానియొద్దకు పొమ్మనెను. ఒక భుజము డోలీ క్రింద ఉండవలెను. ఒక చేయి అర్జీమీద ఉండవలెను.

కనుక సంఘస్థులారా, మొదటిది, ప్రతి కుటుంబపు కార్డు సరిగా ఉన్నదో లేదో రోగము రాకముందే చూచుకొనుడి. సందేహమైన 104కు ఫోను చేయుడి. రెండవది, చదువు రాని రోగి పట్నపు ఆసుపత్రికి ఒంటరిగా వెళ్లకుండ, చదువు వచ్చిన యౌవనస్థుడొకడు వెంట వెళ్లవలెను. ఆరోగ్యమిత్రను అడుగుట, చీటీ చదువుట, రక్తమిచ్చుట అతని పరిచర్య. మూడవది, ప్రార్థనను మందునకు విరోధముగా నిలుపకుడి. లూకా వైద్యుడే గదా! క్షయరోగమునకు ప్రభుత్వము మందులు ఉచితముగా ఇచ్చుచున్నది; వాటిని మధ్యలో మానుట విశ్వాసము కాదు. నాలుగవది, మన సంఘముల కుమార్తెలు అనేకులు నర్సులుగా పని చేయుచున్నారు. అమ్మలారా, మీ వార్డులో అడుగువారు లేని రోగికి మీరే ఆ మనుష్యుడు. చేయి చాపి లంచము తీసికొనకుడి, ముఖము త్రిప్పుకొనకుడి.

1883లో డాక్టరు అన్నా కుగ్లర్ గుంటూరు చేరి స్త్రీలకు వైద్యము చేయుటకు పూనుకొనెను. 1898లో అక్కడ ఆసుపత్రి వెలసెను. పిఠాపురములో కెనడియన్ బాప్టిస్టు మిషను ఆసుపత్రి నడిపెను. ఆ దినములలో సంఘము కోనేరు త్రవ్వెను. నేడు కోనేళ్లు అనేకములున్నవి. కొన్నిటిలో నీరు తక్కువ, కొన్నిటికి వెల ఎక్కువ. వాటిని బాగుచేయుమని అడుగుట పౌరులుగా మన విధి. రోగిని అందులో దింపు మనుష్యుడుగా ఉండుట క్రీస్తు శిష్యులుగా మన విధి. రోగియైయున్నప్పుడు తన్ను చూడవచ్చితిరా అని ప్రభువు అడుగు దినమున, సర్కారువారు చూచిరని చెప్పి తప్పించుకొనలేము.

అట్టి మనుష్యులుగా నుండుటకు ప్రభువు మనకు కృప దయచేయును గాక. ఆమేన్.

— సంఘ కాపరి, శృంగవరపుకోట