ఖర్మ కాదు, బ్రేక్ ప్యాడు



ధమ్మ బంధువులారా, ఈసారి కరపత్రంలో మోటారు సైకిలు గురించి రాస్తున్నాను. ధమ్మం చెప్పమంటే మెకానిక్ పని చెబుతాడేంటి ఈయన అని మీలో కొందరు అనుకోవచ్చు. అనుకోండి, ఫర్వాలేదు. చివరిదాకా చదివి అప్పుడు తిట్టండి.

మా అక్క చెయ్యి విరిగిన సంగతి ముందు చెప్పాలి.

మా మేనల్లుడు 150 సీసీ స్పోర్ట్ బండి ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. పాత మోడలు, ఏబీఎస్ లేదు. వైశాఖ పున్నమికి తల్లిని వెనక కూర్చోబెట్టుకుని అమరావతి తీసుకెళ్ళాడు. తిరిగి గుంటూరు వస్తుంటే దారిలో ఒక మలుపు, మలుపు తిరగ్గానే గొర్రెల మంద. వెనక బ్రేకు తొక్కాడు, పట్టలేదు. కంగారులో ముందు బ్రేకు గట్టిగా నొక్కేశాడు. అక్కడ ఎవరో ఇల్లు కట్టుకుంటూ ఒలకబోసిన ఇసుక ఉంది. ముందు చక్రం జారింది. వాడికి మోకాలు చీరుకుపోయింది. అక్కకి మణికట్టు విరిగింది. ఆమెకి హెల్మెట్ లేదు. తల రోడ్డుకి తగల్లేదంటే అందులో మన గొప్పేమీ లేదు.

ఆస్పత్రికి చుట్టాలందరూ వచ్చారు. ఒకావిడ, బండికి కొత్తగా స్టిక్కర్లు వేయించాడు కదా, పేట పేటంతా చూసింది, దిష్టి కొట్టిందంది. ఇంకొకాయన నా వంక చూస్తూ, "దసరాకి నిమ్మకాయలు కట్టొద్దన్నారుగా మరి" అన్నాడు. మా అక్క ఎవర్నీ ఏమీ అనలేదు. కట్టు వేసిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, "నా ఖర్మ తమ్ముడూ" అంది. దీక్ష తీసుకుని పదకొండేళ్ళయింది ఆమె.

మర్నాడు పొద్దున్నే నేను బండి దగ్గర కూర్చుని వెనక చక్రంలోకి టార్చి వేసి చూశాను. బ్రేక్ ప్యాడు మీద ఉండాల్సిన మందు పూర్తిగా అరిగిపోయింది. ఇనుప రేకు తిన్నగా డిస్కుని గీకుతోంది. డిస్కు మీద గోరుకి తగిలేటంత లోతు గీతలు. అది ఒక్కరోజులో అయ్యేది కాదు. వారాల తరబడి ఆ బ్రేకు కీచుమని అరుస్తూనే ఉండి ఉంటుంది.

ఉండి ఉంటుంది ఏంటి, అరిచింది. నేనే విన్నాను. అంతకు రెండు వారాల ముందు ఒక బౌద్ధ వివాహం జరిపించడానికి అదే బండి అడిగి తీసుకెళ్ళాను. బ్రేకు వేసినప్పుడల్లా ఆ చప్పుడు. వాడికి చెప్పాలి అనుకున్నాను. పెళ్ళి భోజనం చేసి, బండి ఇచ్చేసి, ఇంటికొచ్చి పడుకున్నాను. ఆ పెళ్ళిలో నేను అప్పమాదం గురించి, అంటే ఏమరుపాటు లేకుండా బతకడం గురించి, ముప్పావు గంట మాట్లాడాను.

ఇప్పుడు లెక్క చూడండి. ప్యాడు అరిగింది కాబట్టి వెనక బ్రేకు పట్టలేదు. అది పట్టలేదు కాబట్టి ముందు బ్రేకు మీద భారమంతా పడింది. కింద ఇసుక ఉంది కాబట్టి చక్రం జారింది. చక్రం జారింది కాబట్టి చెయ్యి విరిగింది. ఇది ఉంటే అది ఉంటుంది, ఇది లేకపోతే అది లేదు. పటిచ్చ సముప్పాదం అంటే నోరు తిరగని పెద్ద మాట అనుకుంటాం కదా, ఇంతే. ఈ గొలుసులో దిష్టికి చోటెక్కడుంది? ఇసుకని మనం ఆపలేం, గొర్రెలనీ ఆపలేం. కానీ మొదటి కడియం మన చేతిలో ఉంది. వాడి చేతిలో ఉంది, నా చేతిలో ఉంది. ఇద్దరం వదిలేశాం.

బాబాసాహెబ్ తన చివరి గ్రంథం ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’లో కమ్మ గురించి అంత గట్టిగా ఎందుకు రాశారో ఆ రోజు నాకు బాగా తెలిసొచ్చింది. పోయిన జన్మ పాపం వల్ల ఈ జన్మలో ఇలా పుట్టావు అనే మాటని ఆయన ఒప్పుకోలేదు. ఆ మాటతోనే కదా మన తాతల్ని ఊరి బయట ఉంచింది. కమ్మ అంటే చేసిన పని, దాని ఫలితం. ‘ఖర్మ’ అంటే చెయ్యని పనికి సాకు. మన నాలుక మీంచి ఆ మాట ఇంకా పోలేదు. బండి ఆగితే ఖర్మ, పిల్లాడు పరీక్ష తప్పితే ఖర్మ.

సరే, బండి దగ్గరికి వద్దాం. నేను మెకానిక్‌ని కాను. కానీ సొంతదారు తన కళ్ళతో, వేళ్ళతో చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. అవే చెబుతాను.

ముందు బ్రేకులే. చాలా చిన్న స్పోర్ట్ బళ్ళకి రెండు చక్రాలకీ డిస్కులే ఉంటాయి. కాలిపర్ సందులోంచి టార్చి వేసి చూస్తే ప్యాడులో ఎంత మందు మిగిలిందో కనిపిస్తుంది. అరుగుదల చూపించే గాడి దానిమీదే ఉంటుంది. గాడి పోయిందంటే ప్యాడు పోయినట్టే. ఇంకో గుర్తు చెబుతాను, ఇది చాలామందికి తెలీదు. ప్యాడు అరిగే కొద్దీ బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం దిగుతుంది. మట్టం తగ్గింది కదా అని పైనుంచి పోసేసి ఊరుకుంటే జబ్బుని కప్పిపెట్టినట్టు. ముందు ప్యాడు చూడాలి, తర్వాత ఎక్కడైనా కారుతోందేమో చూడాలి. పోయాల్సి వస్తే మూత మీద ఏ డాట్ నంబరు రాసుంటే అదే పోయాలి. రెండేళ్ళకొకసారి ఆ ఆయిల్ పూర్తిగా మార్పించాలి, అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. ఇంకొకటి, చైనుకి నూనె కొట్టేటప్పుడు డిస్కు మీద ఒక్క చుక్క పడినా ఆ బ్రేకు నమ్మకూడదు.

ఇక పొద్దున్నే బండి స్టార్ట్ కాకపోతే మనవాళ్ళు చేసే పని తెలుసుగా. సెల్ఫ్ బటన్ నొక్కుతూనే ఉంటారు. బ్యాటరీ కూడా పడుకునేదాకా నొక్కుతారు. ఆర్15 లాంటి వాటికి కిక్కు రాడ్డే లేదు, ఇక దిక్కుండదు. తథాగతుణ్ణి వైద్యుడితో పోల్చడం మన సంప్రదాయంలో ఉంది. దుక్ఖం ఉంది, దానికి కారణం ఉంది, కారణం పోతే దుక్ఖం పోతుంది, పోగొట్టే దారి ఉంది. బటన్ మీద నుంచి వేలు తీసి, ముందు ఏం జరుగుతోందో చూడండి.

కిల్ స్విచ్ ఆఫ్‌లో ఉందా? నవ్వకండి, మా వీధిలో ఒకతను బండిని అర కిలోమీటరు తోసుకెళ్ళాక షెడ్డులో కుర్రాడు ఆ స్విచ్ ఒక్కటి నొక్కి ఇచ్చాడు. సైడ్ స్టాండ్ దించి ఉంటే కొత్త బళ్ళు స్టార్ట్ కావు, లేదా గేరు వేయగానే ఆగిపోతాయి. ఆ స్విచ్‌లో బురద చేరితే, స్టాండ్ తీసినా దించినట్టే అనుకుంటుంది బండి. అవి రెండూ బాగుంటే తాళం తిప్పి చెవి పెట్టండి. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి అయితే రెండు సెకన్లు సన్నగా గుయ్‌మని పంపు చప్పుడు రావాలి. రాలేదంటే ఫ్యూజు చూడాలి. పంపు తిరిగింది, బటన్ నొక్కితే టక్‌టక్‌మంటోంది, ఇంజన్ తిరగట్లేదు అంటే బ్యాటరీ బలం లేదు, లేదా టెర్మినల్ వదులైంది, తెల్లగా ఉప్పు పట్టింది. ఇంజన్ జోరుగా తిరుగుతోంది కానీ అందుకోవట్లేదు అంటే పెట్రోలో, ప్లగ్గో. మీటరులో ఇంజన్ దీపం ఆరకుండా వెలుగుతుంటే అది బండి మనతో మాట్లాడటం. దానిమీద స్టిక్కరు అంటించిన మహానుభావుణ్ణి కూడా చూశాను నేను. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయిన ఇంజెక్షన్ బండిని తోసి స్టార్ట్ చెయ్యడం మాత్రం పెట్టుకోకండి. పంపుకే కరెంటు చాలదు, మీ ఆయాసం మిగులుతుంది.

చైను సంగతి. సోణ భిక్ఖువు కథ మీరు వినే ఉంటారు. సాధనలో పడి, పాదాలు నెత్తురు కారేదాకా నడిచి, ఇక నా వల్ల కాదు ఇంటికి పోతాను అనుకున్నాడాయన. ఇంట్లో ఉన్నప్పుడు వీణ వాయించేవాడు. తీగ మరీ బిగించినా పలకదు, మరీ వదిలినా పలకదు కదా అని భగవానుడు ఆయన వీణతోనే ఆయనకి చెప్పాడు. చైను కూడా అంతే. వదులుగా ఉంటే స్ప్రాకెట్ మీంచి ఎగురుతుంది, ఒక్కోసారి ఊడి వెనక చక్రాన్నే పట్టేస్తుంది. బిగువుగా ఉంటే మంచిదనుకుంటారు కుర్రాళ్ళు. కాదు. మనిషి కూర్చుని గుంతలో పడ్డప్పుడు చైను ఇంకా లాగబడుతుంది, బేరింగులు తినేస్తుంది. ఎంత వదులుండాలో వెనక చక్రం మోసే కమ్మీ మీద స్టిక్కరులోనో, బండితో ఇచ్చిన పుస్తకంలోనో ఉంటుంది. అది చూసి స్కేలు పెట్టి కొలవండి. చక్రం తిప్పుతూ నాలుగు చోట్ల కొలిచి, అన్నిటికంటే బిగువుగా ఉన్న చోటు లెక్కలోకి తీసుకోవాలి. సరిచేశాక రెండు వైపులా ఉన్న గీతలు సమానంగా ఉన్నాయో లేదో చూడాలి, లేకపోతే చక్రం వంకరగా కూర్చుంటుంది. దాదాపు 500 కిలోమీటర్లకొకసారి, వానలో తిరిగితే ఆ సాయంత్రమే, కిరోసిన్‌తో మెత్తటి బ్రష్షుతో తుడిచి, ఆరబెట్టి నూనె పెట్టండి. పెట్రోలు వద్దు, లోపలి రబ్బరు రింగులు పాడవుతాయి. చక్రాన్ని చేత్తో తిప్పండి. ఇంజన్ స్టార్ట్ చేసి గేరులో పెట్టి గుడ్డ పట్టుకుంటే గుడ్డతో పాటు వేళ్ళు కూడా పోతాయి. పోయిన వేళ్ళు నేను చూశాను. స్ప్రాకెట్ పళ్ళు కొడవలిలా వంగితే చైను, రెండు స్ప్రాకెట్లు కలిపి మార్చాలి. ఒక్క చైనే మారిస్తే కొత్తది కూడా తొందరగానే పోతుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకోవాలి. ఇంజన్ ఆయిల్ చూసేటప్పుడు బండి నిటారుగా ఉండాలి, సైడ్ స్టాండ్ మీద చూస్తే అబద్ధం చెబుతుంది. నీళ్ళతో చల్లబడే ఇంజన్ అయితే వేడి మీద రేడియేటర్ మూత ముట్టుకోవద్దు, మొహం కాలుతుంది. తీసిన పాత ఆయిల్ కాలవలో పోయకండి. ఆ నీళ్ళు తాగే ప్రాణులున్నాయి, మొదటి శీలం మనుషులకే అనుకోవద్దు. బండి అమ్మేటప్పుడు మీటరు వెనక్కి తిప్పించేవాళ్ళకి నాలుగో శీలం గుర్తు చెయ్యాలి. ఎదుటివాడు ఆ మీటరు చూసే చైను మార్చుకుంటాడు, ఆయిల్ మార్చుకుంటాడు.

సైలెన్సర్ విప్పి చప్పుడు చేసే తమ్ముళ్ళతో నాకు గొడవ ఉంది. ఒకడు నాకు ఎదురు చెప్పాడు. "మావయ్యా, తరాల తరబడి మనల్ని నోరెత్తనివ్వలేదు. ఇప్పుడు మన బండి చప్పుడు ఊరంతా వినపడనీ" అన్నాడు. నాకు వెంటనే జవాబు దొరకలేదు. మా నాన్నకి సైకిలుండేది. పేట దాటి ఊరి వీధిలోకి రాగానే దిగేవాడు. చెప్పులు విప్పి హ్యాండిలుకి తగిలించి, ఆ వీధి పొడుగునా సైకిలు నడిపించుకుంటూ వెళ్ళి, అవతల ఎక్కేవాడు. కాబట్టి వాడి మాటలో మంటని నేను కాదనలేను. కానీ అదే నాన్న ప్రతి ఆదివారం గోనెపట్టా పరిచి, చక్రం కప్పులు విప్పి, బేరింగు గోళీలు కిరోసిన్‌లో కడిగి లెక్కపెట్టేవాడు. ఎక్కనివ్వని వీధి ఉన్నా, సైకిలు ఎప్పుడూ కిర్రుమనలేదు. వాడికి ఇది చెప్పాను. సైలెన్సర్ అయితే ఇంకా మార్చలేదు. చూద్దాం.

దసరా మాట చెప్పాలి. 1956 అక్టోబరు 14న, అశోక విజయదశమి నాడు, బాబాసాహెబ్ నాగపూర్‌లో దీక్ష తీసుకుని, లక్షల మందికి ఇచ్చారు. 22 ప్రతిజ్ఞలు చేయించారు. ఆ రోజు మనకి పండగ. అదే విజయదశమి నాడు చుట్టూ బళ్ళకి బొట్లు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కిస్తుంటారు. మన ఇళ్ళలో కూడా, "మాకు నమ్మకం లేదండీ, అత్తగారు ఊరుకోరు" అంటూ హ్యాండిలుకి ఒక మిరపకాయల దండ వేలాడుతూ ఉంటుంది. అత్తగారితో పోట్లాడమని నేను చెప్పను. ఆమెకి భయం, కొడుకు క్షేమంగా ఇంటికి రావాలి. ఆ భయానికి ఏదో ఒకటి చేతికివ్వాలి. దండ తీసేసి ఏమీ పెట్టకపోతే ఆమె భయం అలాగే ఉంటుంది, మన బ్రేకూ అలాగే ఉంటుంది. టార్చి ఆమె చేతికివ్వండి. ప్యాడు ఎక్కడ చూడాలో చూపించండి.

మా అక్కకి అదే చేశాను. కట్టు విప్పిన వారానికి కొడుకు బండి దగ్గర ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. ఎడం చేత్తో టార్చి పట్టుకుని, కొత్త ప్యాడు వంక చూసి, "ఇంతేనా, ఇంత ముక్కేనా తమ్ముడూ" అంది. ఇప్పుడు ప్రతి నెలా పున్నమికి వాణ్ణి కదలనివ్వకుండా ఆమే చూస్తోంది. ఆమెకి ఒక హెల్మెట్ కూడా కొన్నాం. బరువుగా ఉందని సణుగుతుంది, పెట్టుకుంటుంది.

వచ్చే దీక్షా దినాన విహారంలో వందన, త్రిశరణ పంచశీల అయ్యాక మన బళ్ళన్నీ ఆవరణలో వరసగా పెడదాం. పాత గుడ్డలు, వాడేసిన టూత్ బ్రష్షు, టార్చి, ఒక స్కేలు ఎవరివి వాళ్ళు తెచ్చుకోండి. కిరోసిన్ దొరికితే ఒక సీసాడు తెండి. మన పేటలో షెడ్డు నడిపే కుర్రాళ్ళని ఇద్దర్ని పిలిచాను. ఆ పూట కూలీ వాళ్ళకి ఇవ్వాలి, ఊరికే చేయించుకోవద్దు. ఆడవాళ్ళు, అత్తగార్లు తప్పకుండా రావాలి. కీచుమంటున్న బండి ఎవరిదైనా ఉంటే అప్పటిదాకా ఆగకండి, రేపే చూపించండి.

జై భీమ్.